ఎత్తు పెంచిన పికప్: స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉన్నా ముందు టైర్లు ఎందుకు అరుగుతున్నాయి?

చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. బండి ఇసుజు వి-క్రాస్. ముందు షాకబ్జర్ల తల మీద 30 మి.మీ. స్పేసర్లు, వెనక కమాన్లకు (పట్టీల స్ప్రింగులకు) పాతవాటికన్నా 50 మి.మీ. పొడుగున్న షాకిళ్లు, అంటే కమాను కొసను ఛాసీకి కలిపే ఇనుప లింకులు, వేయించారు. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్17 టైర్లు తీసేసి 265/70 ఆర్17 ఆల్ టెర్రెయిన్ ఎక్కించారు. తిరిగేది ఒడిశాలో రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్, అక్కడి నుంచి సుంకి ఘాటీ దిగి సాలూరు. 9,000 కిలోమీటర్లకే ముందు రెండు టైర్లకూ బయటి భుజం (ట్రెడ్ బయటి అంచు) అరిగిపోయింది, ఎడమది మరీ ఎక్కువ. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించారు, రెండుసార్లూ స్క్రీన్ మీద పచ్చ రంగే, అంటే కోణాలు హద్దుల్లోనే ఉన్నాయనే, వచ్చింది. ఘాటీలో స్టీరింగ్ తేలిగ్గా అయిపోతోంది, మలుపు దాటాక తనంతట తాను నేరుగా రావడం లేదు. తప్పు టైరుదా, అలైన్‌మెంట్ షాపుదా అన్నది మీ ప్రశ్న.

టైరుది కాదు. షాపుది కూడా సగమే. మీ బండిలో పోయింది క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలి ఉండే కోణం. మీరు రాసిన రెండు లక్షణాలూ, అంటే స్టీరింగ్ వెనక్కి రాకపోవడం, బయటి భుజం అరగడం, ఆ ఒక్కదాని నుంచే రావచ్చు. ఎలాగో చెప్తాను, కానీ అంతకుముందు అసలు ఎత్తు ఎంత పెరిగిందో తేలాలి. మీరు 30 మి.మీ. అనుకుంటున్నారు, అది నిజం కాదు.

మీ బండి ముందున్నది డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. అందులో షాకబ్జరు కింది ఆర్మ్ చివర కాదు, దాదాపు మధ్యలో కూర్చుంటుంది. అందుకే షాకబ్జరు తల మీద పెట్టిన స్పేసర్ మందం చక్రం దగ్గరికి వచ్చేసరికి ఇంచుమించు రెట్టింపవుతుంది. 30 మి.మీ. స్పేసర్ అంటే చక్రం దగ్గర 50 నుంచి 55 మి.మీ. వెనక లెక్క దీనికి తలకిందులు. షాకిల్ 50 మి.మీ. పొడుగైతే యాక్సిల్ దగ్గర పెరిగేది అందులో సగం, 25 మాత్రమే. ఇక టైరు: పాత సైజు వ్యాసం 763 మి.మీ., కొత్తది 803. అంటే ఇంకో 20 మి.మీ. ఎత్తు, అయితే ఇది నాలుగు మూలలా ఒకేలా పెరుగుతుంది కాబట్టి ఆర్మ్‌ల కోణాలను మార్చదు. మార్చేది ఆ 50 పైచిలుకే. టైరు వల్ల ఇంకొకటి కూడా జరిగింది. మీటర్లో 60 చూపించినప్పుడు మీరు నిజానికి 63లో వెళ్తున్నారు. మీరు 9,000 అన్నది కూడా దాదాపు 9,450 అన్నమాట.

టేపు పెట్టి కొలవండి. టైర్లలో గాలి సరిచూసి, చదునైన సిమెంటు నేల మీద బండి ఆపి, హబ్ మధ్య బిందువు నుంచి నేరుగా పైకి ఫెండర్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు ఎత్తు కలిసిపోయి లెక్క చెడుతుంది. నాలుగు కొలతలూ కాగితం మీద రాసుకోండి. ముందు కుడి, ఎడమల మధ్య 10 మి.మీ. కన్నా ఎక్కువ తేడా ఉంటే అలైన్‌మెంట్ దాకా పోకముందే ఆ తేడా ఎందుకొచ్చిందో చూడాలి.

ఇప్పుడు క్యాస్టర్ సంగతి. సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కదా, చక్రం నేరుగా పోవాలనుకునేది ఆ వాలు వల్లే. పికప్‌లోనూ పై బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రాన్ని తిరగనిచ్చే గుండు కీలు) కింది దానికన్నా కాస్త వెనక ఉంటుంది. బండిని లేపినప్పుడు ఛాసీతో పోలిస్తే చక్రం కిందికి దిగుతుంది. అలా దిగేటప్పుడు ఎక్కువ పికప్‌లలో పై ఆర్మ్ బాల్ జాయింట్‌ను కొంచెం ముందుకు తోస్తుంది. ఆ మేరకు వాలు తగ్గుతుంది. 50 మి.మీ. లిఫ్ట్‌కు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పోవడం మామూలే.

దీనికీ టైరు భుజానికీ సంబంధం ఇది. క్యాస్టర్ ఉన్న బండి స్టీరింగ్ తిప్పినప్పుడు, మలుపుకు బయటి వైపున్న చక్రం తలను లోపలికి వంచుతుంది. బండి బరువంతా ఆ చక్రం మీదే పడే క్షణంలో ఈ వంపు వల్ల టైరు పూర్తి వెడల్పుతో నేలను పట్టుకుంటుంది. ఈ వంపు సుమారుగా క్యాస్టర్‌ను స్టీరింగ్ కోణపు సైన్‌తో గుణించినంత. చక్రం 30 డిగ్రీలు తిరిగే హెయిర్‌పిన్‌లో క్యాస్టర్ 4 డిగ్రీలుంటే 2 డిగ్రీల వంపు వస్తుంది, క్యాస్టర్ ఒకటిన్నరకు పడిపోతే ముప్పావు డిగ్రీ కూడా కష్టమే. మిగతాదంతా టైరు బయటి భుజం మీద దొర్లడమే. తిన్నటి రోడ్డు మీద ఇది బయటపడదు. విజయనగరం నుంచి విశాఖపట్నం వెళ్లొస్తూ ఉండే బండి ఇదే లిఫ్ట్‌తో ఎన్నాళ్లయినా నడుస్తుంది. సుంకిలో వారానికి నాలుగుసార్లు ఎక్కి దిగే బండి నడవదు.

దీనికి తోడు చక్రం కిందికి దిగినప్పుడు క్యాంబర్ పాజిటివ్ వైపు జరుగుతుంది, అంటే చక్రం తల బయటికి ఒరుగుతుంది. అదీ బయటి భుజానికే దెబ్బ. షాపులో క్యాంబర్‌ను హద్దుల్లోకి తెచ్చి ఉండొచ్చు. కానీ మెషిన్‌లో ఉండేవి కంపెనీ ఎత్తులో ఉన్న బండి హద్దులు. ఆ హద్దు పై అంచున ఉన్నా పచ్చ రంగే చూపిస్తుంది.

మీ రెండు ప్రింటౌట్లూ తీసి క్యాస్టర్ గడి చూడండి. అక్కడ గీత గానీ, రెండుసార్లూ అచ్చంగా ఒకే అంకె గానీ ఉంటే క్యాస్టర్ కొలవలేదని అర్థం. క్యాస్టర్ కొలవాలంటే ముందు చక్రాలు తిరిగే పళ్లేల మీద ఉండాలి, వాటి పిన్నులు తీసేయాలి, బ్రేకు నొక్కి పట్టే కడ్డీ పెట్టాలి, స్టీరింగ్‌ను అటూ ఇటూ మెషిన్ చెప్పినంత తిప్పాలి. దీనికి ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బయట ఇంకో మూడు బండ్లు నిలబడి ఉంటే ఆ ఐదు నిమిషాలు ఎవరూ పెట్టరు. టో (పైనుంచి చూస్తే ముందు చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) ఒక్కటి సరిచేసి పంపేస్తారు. ఇక్కడే షాపుది సగం తప్పు అన్నాను.

టో గురించి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చిన్న విషయం అనుకుంటారు. మీ 803 మి.మీ. టైరు మీద మొత్తం టో 3 మి.మీ. తేడా ఉంటే ఒక్కో చక్రానికి ఒకటిన్నర. కిలోమీటరు నడిచేసరికి ఒక్కో టైరూ దాదాపు 1.9 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్లు. రాయగడ నుంచి సాలూరు చేరేసరికి ఎన్ని వందల మీటర్లవుతుందో మీరే వేసుకోండి. పైగా లిఫ్ట్ చేసిన బండికి టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కిందికి వాలి ఉంటుంది. అలా వాలినప్పుడు చక్రం పైకీ కిందికీ ఆడే ప్రతిసారీ టో మారుతుంది. షాపులో బండి కదలకుండా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న టో, ఘాటీ దిగుతూ బ్రేకు మీద ముందు భాగం కుంగినప్పుడు వేరే అంకె అవుతుంది. దీన్ని మెషిన్ చూపించదు, అలైన్‌మెంట్‌తో సరిచేయలేం కూడా. ఎత్తు తగ్గించడమొక్కటే దారి.

టో ఏ వైపు తప్పిందో చేత్తోనే తెలుస్తుంది. బండి ఆపి అరచేతిని టైరు మీద అడ్డంగా రుద్దండి, ఒకసారి బయటి నుంచి లోపలికి, ఒకసారి లోపలి నుంచి బయటికి. లోపలికి పోయేటప్పుడు నున్నగా ఉండి, బయటికి వచ్చేటప్పుడు గట్ల అంచులు రంపంలా గుచ్చుకుంటే టో ఇన్ ఎక్కువైంది. తిరగబడి ఉంటే టో అవుట్. ఎటు రుద్దినా నున్నగానే ఉండి భుజం మాత్రం గుండ్రంగా అరిగి ఉంటే అది మలుపుల అరుగుదల, అంటే క్యాస్టర్, క్యాంబర్. ఇక్కడొకటి అక్కడొకటి గుంటలు పడినట్టుంటే షాకబ్జరు పోయిందనో, వీల్ బేరింగ్‌లో ఆట ఉందనో, బ్యాలెన్సింగ్ లేదనో అనుమానించాలి. మీరు మాటల్లో చెప్పినదాన్ని బట్టి గుండ్రటి అరుగుదలలాగే ఉంది, అయినా చేయి పెట్టి చూసి చెప్పండి.

ఎడమ టైరు ఎక్కువ అరగడంలో కొంత మన రోడ్ల పాలు కూడా ఉంది. మనం నడిచేది ఎడమ పక్కన, రోడ్డు వాలు అంచు వైపుకే, తెగిపోయిన అంచు దిగి ఎక్కేదీ ఎడమ చక్రమే. కాబట్టి కొద్ది తేడా సహజం. కానీ మరీ ఎక్కువ అన్నారు కనుక ఎడమ కింది ఆర్మ్ వంగిందేమో, నకిల్ (చక్రం హబ్‌ను మోసే ఇనుప దిమ్మ) దెబ్బ తిన్నదేమో చూడాల్సిందే. కుడి ఎడమ క్యాంబర్ల మధ్య అర డిగ్రీ దాటి తేడా ఉండి, కోణం సర్దే క్యామ్ బోల్టు తిప్పినా తగ్గకపోతే ఏదో ఒకటి వంగినట్టే.

ఇక చేయాల్సిన పని. వరస ముఖ్యం, వరస తప్పితే డబ్బు దండగ.

మొదట ఆట చూడండి. ముందు భాగం జాకీ మీద లేపి, ఛాసీ కింద స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కుదపాలి. అలా ఆడితే బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ. ఎడమా కుడీ పట్టుకుని కుదిపినప్పుడే ఆడితే టై రాడ్ ఎండ్, లేదా ర్యాక్ లోపలి జాయింట్. కింది బాల్ జాయింట్ కోసం కింది ఆర్మ్‌కీ నకిల్‌కీ మధ్య టైరు లివర్ పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. స్పేసర్ వేసిన బండికి పై బాల్ జాయింట్ ఎప్పుడూ కోణపు చివర్లోనే పనిచేస్తుంటుంది, అది ముందు పోతుంది. రిమ్ లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు ఉంటే ముందు యాక్సిల్ రబ్బరు బూటు పగిలిందని. మన వైపు ఎర్రమట్టి ఆ చీలికలోంచి లోపలికి పోయిందంటే జాయింట్ ఎక్కువ రోజులు ఉండదు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి ఠక్ మని శబ్దం వస్తోందా? వస్తుంటే షాకబ్జరు పూర్తిగా సాగి ఆగుతోంది. స్పేసర్ ఎత్తు పెంచుతుంది గానీ షాకబ్జరు పొడవు పెంచదు కదా.

రెండోది, ఎత్తు తగ్గించండి. నా సలహా నేరుగా చెప్పాలంటే ఆ 30 మి.మీ. స్పేసర్ తీసి 15 లేదా 20ది వేయండి. చక్రం దగ్గర 25 నుంచి 35 వస్తుంది, కంపెనీ ఆర్మ్‌లతోనే క్యాస్టర్ చాలా వరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. 50 ఉండి తీరాలంటే క్యాస్టర్ కలిపి తయారుచేసిన పై ఆర్మ్‌లు జతగా కొనాలి, స్పేసర్ బదులు పొడుగు షాకబ్జరు, దానికి తగ్గ స్ప్రింగు వేయాలి. ఆ ఖర్చు పెట్టేవాళ్లకు నేను అడ్డు చెప్పను. ఇప్పుడున్న స్పేసర్ అలాగే ఉంచుకుని అలైన్‌మెంట్ మీద అలైన్‌మెంట్ చేయించడం మాత్రం వద్దు.

ఇది మార్చేటప్పుడు చాలా చోట్ల చేసే ఒక పొరపాటు. బండి జాకీ మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్‌ల బుష్ బోల్టులు బిగించేస్తారు. రబ్బరు బుష్ ఆ కోణంలో పట్టుకుపోతుంది. బండి దించగానే అది మెలి తిరిగి, ఎప్పుడూ బండిని పైకి తోస్తూ, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని దించి, నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించి, అప్పుడే చివరి బిగింపు బిగించాలి. పక్కనే నిలబడి చూడండి, మొహమాటం వద్దు.

మూడోది, సర్దే బోల్టులు తిరుగుతున్నాయో లేదో తేల్చుకోండి. బండిని బట్టి కింది ఆర్మ్‌కు క్యామ్ బోల్టులో, పై ఆర్మ్ దగ్గర షిమ్ములో (పలుచని ఇనుప బిళ్లలు) ఉంటాయి. నాలుగు వానాకాలాలు కోరాపుట్ వైపు తిరిగిన బండికి క్యామ్ బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. షాపువాడు ఒకసారి స్పానర్ వేసి లాగి, కదలకపోతే వదిలేసి టో సర్దుతాడు. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. అప్పటికీ రాకపోతే బోల్టు కోసి, బుష్‌తో సహా కొత్తవి వేయడమే. మంట పెట్టి వేడి చేస్తే బోల్టు వస్తుంది, రబ్బరు కాలిపోతుంది.

క్యామ్‌లున్న బండిలో క్యాస్టర్ పెంచడానికి కింది ఆర్మ్ ముందు బోల్టును లోపలికి, వెనక బోల్టును బయటికి జరపాలి. అప్పుడు కింది బాల్ జాయింట్ ముందుకు వస్తుంది. రెండూ సమానంగా జరిపితే క్యాంబర్ పెద్దగా మారదు. షాపులో ఇలా అడగండి: ముందు క్యాస్టర్, తర్వాత క్యాంబర్, చివర టో. క్యాస్టర్ రెండు వైపులా రెండున్నరకు తగ్గకూడదు, మూడు దాటితే మేలు. కుడి ఎడమల తేడా అర డిగ్రీ లోపు ఉండాలి. క్యాంబర్ సున్నా నుంచి మైనస్ అర డిగ్రీ మధ్య. ఘాటీలో తిరిగే బండికి నేను ఆ మైనస్ అంచునే ఇష్టపడతాను. టో మొత్తం 1 నుంచి 2 మి.మీ. లోపలికి. స్టీరింగ్ సరిగ్గా మధ్యలో కదలకుండా బిగించి టో సర్దాలి. బండి ఖాళీగా కాకుండా మీరు రోజూ మోసే సామాను సగమైనా వెనక వేసుకుని వెళ్లండి. బరువు పడితే వెనక కుంగి ముక్కు లేస్తుంది, కోణాలు మారతాయి. మీ బండి వీల్‌బేస్ 3,095 మి.మీ., వెనక 54 మి.మీ. దిగితే ఛాసీ వాలు ఒక డిగ్రీ మారుతుంది, క్యాస్టర్ కూడా అంతే మారుతుంది.

ప్రింటౌట్ రెండూ తీసుకోండి, ముందుదీ తర్వాతదీ.

బ్రేకుల మాట కూడా చెప్పాలి. కొన్ని పికప్‌లకు వెనక యాక్సిల్‌కూ ఛాసీకీ మధ్య ఒక కడ్డీ ఉండి, లోడును బట్టి వెనక బ్రేకుకు పోయే ఒత్తిడిని మారుస్తుంది. వెనక షాకిల్ పొడుగు చేస్తే ఆ కడ్డీ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. పని మొత్తం ముందు బ్రేకుల మీద, ముందు టైర్ల మీద పడుతుంది. మీ బండి కింద అలాంటి కడ్డీ ఉంటే ఎత్తు పెరిగిన మేరకు దాన్ని సర్దించండి. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు చక్రం వేలాడినప్పుడు బిగుసుకోకుండా ఉన్నాయో చూడండి. హెడ్‌లైట్లు కూడా దించుకోండి, ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్లలో పడుతున్నాయి.

ముందు కూడా రిజిడ్ యాక్సిల్, కమాను పట్టీలు ఉన్న లోడు పికప్‌ల వాళ్లు ఇది చదివి తమకూ ఇదే అనుకోవద్దు. వాటికి లిఫ్ట్ వల్ల టో మారదు, టై రాడ్ రెండు కొసలూ యాక్సిల్ మీదే ఉంటాయి కాబట్టి. స్టీరింగ్ మాత్రం వంకర అవుతుంది, స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీని, అంటే డ్రాగ్ లింక్‌ను, సర్దితే సరిపోతుంది. క్యాస్టర్ షాకిల్ ఎటు ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. షాకిల్ కమాను వెనక కొసన ఉంటే పొడుగు షాకిల్ క్యాస్టర్ పెంచుతుంది, ముందు కొసన ఉంటే తగ్గిస్తుంది. తగ్గితే కమానుకూ యాక్సిల్ దిమ్మెకూ మధ్య 2 లేదా 4 డిగ్రీల ఇనుప వెడ్జ్ పెట్టి సరిచేస్తారు. అల్యూమినియంది వద్దు, నలిగిపోయి యూ బోల్టు వదులవుతుంది. ముందు యాక్సిల్‌కూ కమానుకూ మధ్య దిమ్మెలు పెట్టి లేపడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు, వెనకైనా దిమ్మె మీద దిమ్మె పెట్టకూడదు. యూ బోల్టు ఒకసారి విప్పితే కొత్తది వేయండి, 200, 300 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించండి. వీటి టైర్లు తినే అసలు దొంగ చాలాసార్లు లిఫ్ట్ కాదు, కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) బుష్. సాలూరులో లారీ పని చేసే కమాను షాపుల్లో ఇవన్నీ రోజూ చేస్తూనే ఉంటారు, వెడ్జ్ ఏ వైపు మందం పెట్టాలో మాత్రం మీరూ చూసుకోండి: కింగ్ పిన్ తల వెనక్కి వాలాలి.

గాలి సంగతి. సాలూరులో మధ్యాహ్నం ఎండకు నడిచి వచ్చిన టైరులో చూసుకున్న అంకె, కోరాపుట్‌లో డిసెంబరు తెల్లవారుజామున ఉండదు. ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు తగ్గితే ఒక పీఎస్‌ఐ దాకా పడిపోతుంది. ఎత్తుకు పోయినందుకు గేజీలో ఒక పీఎస్‌ఐ పెరిగినట్టు కనిపించినా మొత్తం మీద తగ్గుదలే ఎక్కువ. గాలి తగ్గిన టైరు రెండు భుజాలూ అరుగుతుంది, మలుపుల్లో బయటిది మరీ. మీవి ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లయితే తలుపు దగ్గర స్టిక్కర్ మీది అంకె వాటికి తక్కువ. టైరు డీలరు దగ్గర లోడు, గాలి పట్టిక అడగండి.

ఇప్పుడున్న టైర్లు పారేయక్కర్లేదు, బయటి భుజంలో 3 మి.మీ. పైన మిగిలి ఉంటే. తిరిగే దిశ బాణం గానీ, బయటి వైపు అన్న గుర్తు గానీ లేకపోతే రిమ్ మీద తిరగేసి ఎక్కించి వెనక వేయండి. వెనకవి ముందుకు తెచ్చాకే అలైన్‌మెంట్ చేయించాలి, అరిగిన టైరు సరైన కోణాల్లో కూడా బండిని పక్కకు లాగుతుంది. 1.6 మి.మీ. గుర్తు దాకా అరిగితే చట్టప్రకారం కూడా పనికిరాదు.

చట్టం అన్నాను కాబట్టి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. చెక్‌పోస్టులో ఎవరూ టేపు పెట్టి కొలవకపోవచ్చు గానీ, యాక్సిడెంట్ అయ్యాక బీమా సర్వేయరు కొలుస్తాడు. స్పేసర్ తగ్గించమనడానికి ఇదీ ఒక కారణమే.

పని అయ్యాక వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి ట్రెడ్ గేజీతో ముందు టైర్లు మూడు చోట్ల కొలవండి, బయటి భుజం, మధ్య, లోపలి భుజం. మూడు వేలకు భుజానికీ మధ్యకూ తేడా అర మి.మీ. లోపు ఉంటే కోణాలు కుదిరినట్టే. దాటితే నాలుగు హబ్ కొలతలు, రెండు ప్రింటౌట్లలోని క్యాస్టర్ అంకెలు, చేయి రుద్దినప్పుడు ఎటు గుచ్చుకుందో, ఇవి మూడూ రాయండి. ఆ మూడూ ఉంటే మిగతాది ఇక్కడి నుంచే చెప్పొచ్చు.